మంచినీళ్ళు ఎవరికి మంచివి?

ఉప్పు లేని నీళ్ళని మనం మంచినీళ్ళు అంటాం. ఇంగ్లీషువాళ్ళు వాటిని 'తాజా' నీళ్ళన్నారు, హిందీవాళ్ళు 'తీపి' నీళ్ళన్నారు. తెలుగువాళ్ళం మాత్రం మంచీ చెడూ అక్కడికక్కడే తేల్చేశాం. మనుషుల మటుకు ఈ తీర్పులో తప్పేం లేదు. చిక్కల్లా ఈ మాటని చేపలకి అంటగట్టినప్పుడే వస్తుంది.

హైదరాబాద్‌లో అక్వేరియం దుకాణాలు తిరిగినవాళ్ళు ఆకుపచ్చ పఫర్ చేపని చూసే ఉంటారు. అంగుళం, అంగుళంన్నర పిల్ల. పసుపు కలిసిన ఆకుపచ్చ వీపు, దాని మీద గుండ్రటి నల్లచుక్కలు, తెల్లటి పొట్ట. కళ్ళు రెండూ దేని దారిన అది తిరుగుతుంటాయి. మనిషి దగ్గరికెళ్తే అద్దం దాకా వచ్చి ఎదురు చూస్తుంది. "ఇది ఏ నీళ్ళ చేపండీ?" అని అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు "మంచినీళ్ళే సార్" అనే. ఇంటికి తెస్తాం. కొన్ని నెలలు బాగానే ఉంటుంది. తర్వాత రంగు మసకబారుతుంది, పొట్ట బూడిదరంగుకి తిరుగుతుంది, తిండి మానేస్తుంది. ఏ జబ్బో అనుకుని మందులు పోస్తాం. జబ్బు నీళ్ళలోనే ఉందన్న సంగతి తట్టదు. అది ఉప్పూ తీపీ కలిసేచోట బతికే చేప.

ఈ పొరపాటుకి దుకాణదారుణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. దీని వెనక రెండు వందల ఏళ్ళ పేర్ల గందరగోళం ఉంది. అందులో మొదటి అధ్యాయాల్లో ఒకటి మన విశాఖపట్నంలో జరిగింది.

విశాఖలో ఒక డాక్టరు

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ వైద్యుడు. భారతదేశం రాకముందు సిరియాలోని అలెప్పోలో ఏళ్ళ తరబడి డాక్టరుగా పనిచేశాడు. ప్లేగు మీద పెద్ద గ్రంథం కూడా రాశాడు. 1780ల మొదట్లో సోదరుడు క్లాడ్‌కి ఈస్టిండియా కంపెనీలో విశాఖపట్నం ఉద్యోగం వస్తే తోడుగా వచ్చాడు. అప్పటికి కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఉన్న కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. ఆ పని రస్సెల్‌కి వచ్చింది. 1789లో ఆయన తిరిగి వెళ్ళిపోయాడు. అంటే మన తీరంలో ఉన్నది పదేళ్ళ లోపే.

రస్సెల్ పేరు ఇవాళ పాము వల్ల గుర్తుంది. మన రక్తపింజరని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు. ఏది విషప్పామో ఏది కాదో జనం తేల్చుకోగలగాలన్నది ఆయన పాముల పుస్తకం (1796) వెనకున్న ముఖ్యోద్దేశం. అందులో రక్తపింజరని 'కాటుక రేకుల పొడ' అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు.

చేపల పుస్తకం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చింది. పేరు తెలుగులో చెప్పుకుంటే 'కోరమండల్ తీరాన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు'. దీన్ని ఇవాళ తిరగేస్తే తెలుగువాడికి ఒక చిత్రమైన అనుభవం కలుగుతుంది. శాస్త్ర గ్రంథం చదువుతున్నామా, చేపల బజారులో తిరుగుతున్నామా అనిపిస్తుంది. చేప తర్వాత చేపకి పల్లెకారులు చెప్పిన పేరు రోమన్ లిపిలో కనిపిస్తుంది. తెలుగు చెవితో పైకి చదివితే చాలా పేర్లు ఇట్టే విచ్చుకుంటాయి. ఆయన 'వల్లగూ' మన వాలుగ. 1851లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ ఆ మాటనే లాటిన్ చేసి 'వల్లాగో' అనే ప్రజాతికి పేరుగా పెట్టాడు. ఆయన 'తోల్ పారా' మన తోలు పార. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే దాన్ని 'టోల్' అనే జాతి పేరుగా తీసుకున్నాడు. ప్రపంచంలో ఏ మ్యూజియంలోనైనా సరే, ఆ చేపల సీసాల మీద తెలుగు ముక్క ఒకటి ఉన్నట్టే.

ఆ పుస్తకంలోనే ఒక చేప పేరు 'కప్ప'. ఉబ్బిన పొట్ట, వెడల్పాటి తల, పొలుసుల్లేని చర్మం. ఆ పేరెందుకని చేపని చూసినవాళ్ళెవరూ అడగరు. (పండుగప్పకీ దీనికీ చుట్టరికం లేదు. అది వేరే చేప, కూర చేప.)

ఓడిపోయిన పేరు

కానీ 'వాలుగ'కి పట్టిన అదృష్టం 'కప్ప'కి పట్టలేదు. లిన్నేయస్ పద్ధతిలో జాతికి రెండు ముక్కల పేరు పెడితేనే అది శాస్త్రంలో చెల్లుతుంది. రస్సెల్ ఆ పద్ధతి పాటించకుండా స్థానిక నామాన్నే తగిలించి వదిలేశాడు. అందుకని పందొమ్మిదేళ్ళ తర్వాత, 1822లో, ఫ్రాన్సిస్ హామిల్టన్ పెట్టిన పేరు నిలిచింది. అదీ స్థానిక నామమే, కాకపోతే బెంగాలీది: పటోకా. 'కప్ప' పర్యాయపదాల జాబితాలోకి జారిపోయింది.

తెలుగు ఓడి బెంగాలీ గెలిచిందని బాధపడటానికి ఇది చెప్పడం లేదు. హామిల్టన్ పుస్తకం పేరు చూడండి: 'గంగానదిలో, దాని పాయల్లో దొరికే చేపల వృత్తాంతం'. రస్సెల్ చేప విశాఖ సముద్రతీరానిది. హామిల్టన్ చేప గంగ పాయలది. రెండూ ఒకటే చేప. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే దాని జీవితం మొత్తం బయటపడుతుంది: అది సముద్రానికీ నదికీ మధ్య తిరిగే ప్రాణి. ఒక్క పుస్తకమే చదివినవాడికి సగం చేపే దొరుకుతుంది.

హామిల్టన్ పుస్తకంలో ఇంకో రెండు పఫర్లున్నాయి. ఒకటి కట్‌కుటియా, నిఖార్సయిన మంచినీటి చేప. ఇంకొకటి ఫ్లూవియాటిలిస్. లాటిన్‌లో ఆ మాటకి 'నదికి చెందినది' అని అర్థం. నిజానికి అది నదీముఖాల్లోని ఉప్పుకలిసిన నీళ్ళలో ఎక్కువగా తిరిగే చేప. అదే 1822లో మారియన్ ద ప్రోసే అనే ఫ్రెంచివాడు దాని దగ్గరి చుట్టానికి నైగ్రోవిరిడిస్ అని పేరు పెట్టాడు. అంటే 'నల్లాకుపచ్చ'. మన దుకాణాల్లో కనిపించే చుక్కల పిల్ల చాలావరకు ఇదే. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు పేర్లనీ ఒకదానికి బదులు ఒకటి వాడుకుంటూ వచ్చారు. 1975లో డెక్కర్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆసియా మంచినీటి టెట్రాడాన్ పఫర్లని మళ్ళీ పరిశీలించి తేడాలు రాసిపెట్టాడు. 2013లో కొటెలా ఈ ఉప్పుటేటి గుంపుని టెట్రాడాన్ ప్రజాతి నుంచి విడదీసి, 'డైకాటోమిక్టరే' అనే పాత పేరు కిందికి తెచ్చాడు.

ఈ మధ్యలో ఈ చేప ఇంకో రకంగా ప్రసిద్ధికెక్కింది. 2004లో నైగ్రోవిరిడిస్ జన్యుపటం నేచర్ పత్రికలో వచ్చింది. సుమారు 34 కోట్ల అక్షరాలు. మనిషిది 300 కోట్లు. జన్యువుల సంఖ్యలో మాత్రం అంత తేడా లేదు. కోడ్ రాసి బతికేవాళ్ళకి ఇది కాస్త అసూయ పుట్టించే లెక్క: దాదాపు అదే పని, తొమ్మిదో వంతు ఫైలు. ఆ వ్యాసం సారాంశం మొదటి వాక్యంలోనే దాన్ని 'మంచినీటి పఫర్' అన్నారు. నేచర్ అంతటి పత్రిక అలా అంటే, చేపని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇచ్చే కుర్రాడు అనడంలో వింతేముంది?

నది అంటే ఎక్కడి నది?

ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. తకరారంతా 'నది' అనే మాటలోనే ఉంది. మా చర్ల వైపు గోదావరి చూసి పెరిగినవాళ్ళకి నది అంటే ఒకే దిక్కుకి పారేది. తాలిపేరు వచ్చి గోదాట్లో కలుస్తుంది, గోదావరి భద్రాచలం మీదుగా కిందికి పోతుంది. వాలుగ, కొర్రమట్ట, జెల్ల, ఏదైనా సరే అది మంచినీటి చేపే. వేరే రకం నీళ్ళుంటాయన్న ఆలోచనే రాదు.

అదే నది పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి, యానాం వైపు దిగితే స్వభావం మారిపోతుంది. అక్కడ నీళ్ళు రోజుకి రెండుసార్లు వెనక్కి నడుస్తాయి. పోటుకి ఉప్పునీరు పైకి ఎక్కుతుంది, పాటుకి దిగిపోతుంది. కోరంగి మడ అడవుల్లో ఒకే కాలవ పొద్దున ఒక రుచి, సాయంత్రం ఒక రుచి. వరదల్లో ఎర్రనీళ్ళు సముద్రం దాకా తోసుకుపోతాయి, ఎండాకాలంలో ఉప్పు లోపలికి వస్తుంది. తీరంలో దీనికి మాటలకి కరువు లేదు: మొగ, ఉప్పుటేరు, పోటు, పాటు. పైన అడవిలో ఆ మాటలతో మాకు పనిపడలేదు.

ఉప్పుటేటి పఫర్ పిల్లలు ఈ మొగల్లో ఉప్పు తక్కువగా ఉండే పైభాగాల్లో తిరుగుతాయి. పెరిగేకొద్దీ ఉప్పు ఎక్కువున్న వైపు జరుగుతాయి. వ్యాపారానికి పట్టేది పిల్లల్ని. ఇంట్లో పొదిగించి పెంచడం చాలా అరుదు, దాదాపు అన్నీ నదుల్లో పట్టి తెచ్చినవే. కాబట్టి 'నదిలో పట్టాం, మంచినీళ్ళలో బతికే ఉంది' అన్న దుకాణం మాట ఆ రోజుకి నిజం. ఏడాది తర్వాతకి నిజం కాదు.

ఎందుకు కాదో శరీరధర్మం చెప్తుంది. చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, బయట నీళ్ళలో తక్కువ అయితే నీరు లోపలికి చొరబడుతూనే ఉంటుంది, లవణాలు బయటికి జారుతూనే ఉంటాయి. మంచినీటి చేప మూత్రపిండాలూ మొప్పలూ రాత్రింబవళ్ళు ఈ లెక్క సరిచేయడానికే పుట్టాయి. ఉప్పుటేటి చేప ఆ పని కొన్నాళ్ళు చేయగలదు. పోటు–పాటుల మధ్య బతకాలంటే ఆ ఓపిక ఉండాల్సిందే. అయితే అక్కడ ఆరు గంటలకోసారి నీళ్ళు మారతాయి. మన గాజుపెట్టెలో ఎన్నటికీ పోటు రాదు.

ఏది ఏ చేప?

కాబట్టి తొట్టి కొనేముందు చేపని గుర్తుపట్టాలి. మన దేశంలో అమ్మకానికి కనిపించేవాటిలో ఈ అయిదింటి తేడా తెలిస్తే చాలావరకు గండం గడిచినట్టే.

నైగ్రోవిరిడిస్: ఆకుపచ్చ–పసుపు వీపు మీద విడివిడిగా గుండ్రటి నల్లచుక్కలు, తెల్లటి పొట్ట. ఆరున్నర అంగుళాల దాకా పెరుగుతుంది. ఉప్పుటేటిది.

ఫ్లూవియాటిలిస్: దాదాపు అదే సైజు, అదే రంగు. కాకపోతే వీపు మీద ఉన్నవి చుక్కల కంటే పెద్ద మచ్చలు, పట్టీల్లా ఒకదానికొకటి అంటుకున్నట్టుంటాయి. ఇదీ ఉప్పుటేటిదే.

ఓసెల్లాటస్: 'ఫిగర్ ఎయిట్' అని అమ్మేది. ఆగ్నేయాసియా చేప. ముదురు వీపు మీద పసుపు గీతలు ఎనిమిది అంకెలా చుట్టుకుని ఉంటాయి, వెనక భాగంలో వలయం కట్టిన కళ్ళలాంటి మచ్చలు. మూడంగుళాలు దాటదు. దీనికి కొద్దిపాటి ఉప్పు చాలు.

కట్‌కుటియా: ఎర్రటి కళ్ళు, వీపు మీద వలలాంటి గీతలు, పక్కన వలయం చుట్టిన ఒక నల్లమచ్చ. మంచినీటిది. ఉప్పు వేయకూడదు.

ట్రావన్‌కోరికస్: కేరళ నదుల మరుగుజ్జు పఫర్, 'పీ పఫర్' అంటారు. 1941లో హోరా, నాయర్ దీన్ని వర్ణించారు. అంగుళం, మహా అయితే కొంచెం ఎక్కువ. ఇదీ పూర్తిగా మంచినీటిదే.

చివరి రెండూ ఎందుకు చెప్తున్నానంటే, 'పఫర్ అంటే ఉప్పు వేయాలి' అని సగం విన్నవాళ్ళు వాటి తొట్టిలోనూ ఉప్పు గుమ్మరిస్తున్నారు. నష్టం రెండు వైపులా ఉంది. ఇక రస్సెల్ 'కప్ప', అంటే పటోకా, గోధుమరంగు వీపు మీద పాలచుక్కలతో ఉంటుంది. అడుగు దాటి పెరుగుతుంది. ఇంటి తొట్టికి పనికొచ్చే చేప కాదు. ఎవరైనా పిల్లని చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

ఉప్పు, పళ్ళు, విషం

ఉప్పు అంటే వంటింటి ఉప్పు కాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పుమళ్ళలో ఏం జరుగుతుందో ఆలోచించండి. సముద్రపు నీళ్ళు ఎండకి ఆరుతుంటే సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది. మెగ్నీషియం లాంటివి చాలావరకు అడుగున మిగిలే చేదునీళ్ళలో పోతాయి, వాటిని పారబోస్తారు. కాల్షియం అంతకుముందే విడిపోతుంది. రాళ్ళ ఉప్పు సముద్రంలో ఒక ముక్క మాత్రమే. చేపకి మొత్తం సముద్రం కావాలి. అందుకు అక్వేరియం వాళ్ళమ్మే 'మెరైన్ సాల్ట్ మిక్స్' వాడాలి. 'అక్వేరియం సాల్ట్' అని అమ్మేది వేరే, అది చాలదు.

ఎంత ఉప్పు అన్నది సాంద్రతతో కొలుస్తారు. మంచినీరు 1.000, సముద్రం సుమారు 1.025. ఆకుపచ్చ పఫర్ పిల్లలకి 1.005 నుంచి 1.008 దాకా, పెద్దయ్యాక 1.010 నుంచి 1.015 దాకా, కొంచెం పైన ఉన్నా ఫర్వాలేదు. ఫిగర్ ఎయిట్‌కి 1.005 దగ్గర ఆపొచ్చు. లీటరుకి ఏడెనిమిది గ్రాముల మిశ్రమం వేస్తే సుమారు 1.005 వస్తుంది. ఒక్కరోజులో పెంచకూడదు, వారానికి 0.002 చొప్పున ఎక్కించాలి. చేపతో పాటు ఫిల్టర్‌లో అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా కూడా కొత్త ఉప్పుకి అలవాటు పడాలి కదా. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ ఉంటే మేలు. ఇది ఎక్కడో విదేశాల నుంచి తెప్పించాల్సిన వస్తువేం కాదు. భీమవరం వైపు రొయ్యల రైతులు రోజూ వాడేదే. 'సెలైనిటీ ఎంతుంది?' అన్న ప్రశ్న చెరువు గట్టు మీద అంత మామూలుగా వినిపించే రాష్ట్రంలో, అదే ప్రశ్న గాజుతొట్టి దగ్గర ఎవరూ అడగకపోవడమే విచిత్రం.

మిగతాది ఓపికతో చేసే పని. పెద్ద పఫర్ ఒక్కదానికే 110–120 లీటర్ల తొట్టి కావాలి. పిహెచ్ 8 దగ్గర ఉండాలి. ఇసుకలో ఆల్చిప్పల ముక్కలు కలిపితే గట్టిదనం నిలుస్తుంది. తిండి మాంసాహారం, చాలా చెత్త చేస్తుంది, కాబట్టి బలమైన ఫిల్టర్, వారంవారం నీళ్ళ మార్పిడి తప్పవు. మార్చే నీళ్ళు కూడా ముందే అదే ఉప్పుకి కలిపి ఉంచాలి. ఇతర చేపలతో పెట్టొద్దు, రెక్కలు కొరికేస్తుంది.

టెట్రాడాన్ అంటే 'నాలుగు పళ్ళది'. ఆ పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గట్టి తిండి లేకపోతే నోరు తెరవలేనంతగా పెరిగి, తిండి ఎదురుగా ఉండగానే చేప పస్తుతో చస్తుంది. నత్తలు, పెంకుతో ఉన్న రొయ్యలు, చిన్న పీతలు పెట్టాలి. చెరువు నత్తలతో పరాన్నజీవులు రావచ్చు, వేరే తొట్టిలో పెంచుకోవడం మంచిది. పొట్ట ఉబ్బించి చూపించమని పిల్లలు గొడవ చేస్తే ఒప్పుకోవద్దు. ప్రాణభయంతో చేసే పని అది. నీళ్ళ బయట గాలి మింగితే మళ్ళీ వదలలేకపోవచ్చు.

విషం సంగతి అందరికీ కొంత తెలుసు. 1774 సెప్టెంబరులో కెప్టెన్ కుక్ న్యూ కాలెడోనియా దగ్గర ఈ వంశపు చేప కాలేయం కొంచెం రుచి చూశాడు. ఒళ్ళు తిమ్మిరెక్కి, చేతిలో ఉన్నది బరువైనదో తేలికైనదో తెలియని స్థితికి వెళ్ళాడు. మిగిలిన పేగులు తిన్న పంది చచ్చిపోయింది. ఆ విషానికి 1909లో జపాన్ శాస్త్రజ్ఞుడు తహారా టెట్రోడోటాక్సిన్ అని పేరు పెట్టాడు. వండినా పోదు, విరుగుడు మందు లేదు. చేప దాన్ని సొంతంగా తయారుచేసుకోదు, బ్యాక్టీరియా ద్వారా, తిండి ద్వారా వస్తుంది. అందుకే శుభ్రమైన తిండితో పెంచిన పఫర్లలో విషం తక్కువ. అయినా చచ్చిన చేపని పిల్లికి వేయొద్దు. పెంచలేమనుకుంటే చెరువులోనో వాగులోనో వదలొద్దు. తాలిపేరులో వదిలిన ఉప్పుటేటి చేపకి అది స్వేచ్ఛ కాదు, సముద్రం అక్కడికి కొన్ని వందల కిలోమీటర్లు.

రస్సెల్ పాముల్ని గుర్తుపట్టడం నేర్పాలనుకున్నది పాము నుంచి మనిషిని కాపాడటానికి. ఇప్పుడు పఫర్‌ని గుర్తుపట్టాల్సింది మనిషి నుంచి చేపని కాపాడటానికి. దుకాణంలో అడగాల్సిన ప్రశ్న 'మంచినీళ్ళా, ఉప్పునీళ్ళా?' అన్నది ఎలాగూ కాదు, దానికి వచ్చే జవాబు మనకి ముందే తెలుసు. దీని పూర్తి పేరేంటి, ఎక్కడ పట్టారు, ఇప్పుడున్న నీళ్ళ సాంద్రత ఎంత? ఈ మూడూ అడగండి. విశాఖ రేవులో చేప తెచ్చిన పల్లెకారుల్ని దాని పేరడిగి రాసుకున్న డాక్టరు రెండు వందల ఏళ్ళ కింద చేసినదీ ఆ పనే.